మన ఊరి క్లినిక్కును తనిఖీ చేయడం ఎలా: గోడ మీది సర్టిఫికెట్టు నుంచి ఆక్సిజన్ సిలిండరు దాకా

టెక్కలిలోనో రాజాంలోనో బస్సు దిగి ఒక్కసారి చుట్టూ చూస్తే నాలుగైదు క్లినిక్కుల బోర్డులైనా కంటబడతాయి. వాటిలో ఏది మంచిదని అడిగితే జనం చెప్పేది ఎక్కువగా డాక్టరుగారి హస్తవాసి గురించే ఉంటుంది. హస్తవాసిని కొలిచే సాధనం ఎవరి దగ్గరా లేదు. కానీ ఆ క్లినిక్కులో సూదులు ఎలా వాడుతున్నారో, ఆక్సిజన్ సిలిండరు అవసరానికి తెరుచుకుంటుందో లేదో, పోయిన నెల వచ్చిన రోగి కాగితం ఈ రోజు అడిగితే దొరుకుతుందో లేదో చూసి తేల్చుకునే పద్ధతి ఒకటి ఉంది. ఆసుపత్రుల నాణ్యతా తనిఖీలకు కొన్నేళ్లు తిరిగిన అనుభవంతో ఆ పద్ధతినే ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను.

ఇది ప్రధానంగా తమ క్లినిక్కును తామే పరీక్షించుకోదలచిన డాక్టర్లకు, మేనేజర్లకు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల ఆసుపత్రి అభివృద్ధి సంఘాల్లో ఉన్నవారికి పనికొస్తుంది. రోగి వెంట వెళ్ళి బెంచీ మీద కూర్చున్న బంధువు కూడా ఇందులో సగం విషయాలు కూర్చున్న చోటు నుంచే గమనించవచ్చు. అయితే ఒక హద్దు గుర్తుంచుకోవాలి. ప్రైవేటు క్లినిక్కు లోపలికి వెళ్ళి సోదా చేసే అధికారం మామూలు పౌరుడికి లేదు. అది జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారికి (డీఎంహెచ్‌ఓ), డ్రగ్ ఇన్‌స్పెక్టరుకు, కాలుష్య నియంత్రణ మండలి అధికారులకు ఎవరి పరిధిలో వారికి ఉంటుంది. యజమాని అనుమతి ఉంటేనే లోపలి గదులు చూడండి. రోగుల కాగితాలకు ఫోటోలు తీయవద్దు, మీ పుస్తకంలో వారి పేర్లు రాసుకోవద్దు. ఓపీ నంబరు సరిపోతుంది.

మొదటి అడుగు: వెళ్ళే ముందు

ప్రభుత్వ ఆసుపత్రుల కోసం కేంద్రం 2013లో తెచ్చిన జాతీయ నాణ్యతా హామీ ప్రమాణాలు తనిఖీకి నాలుగు దారులు చెబుతాయి: కళ్లతో చూడడం, సిబ్బందిని అడగడం, రికార్డు చదవడం, రోగితో మాట్లాడడం. ప్రతి అంశానికీ పూర్తిగా ఉంటే 2, కొంత ఉంటే 1, లేకపోతే 0 వేస్తారు. చిన్న క్లినిక్కుకు కూడా ఇంతకన్నా మంచి కొలబద్ద అక్కరలేదు. నా వైపు నుంచి చేర్చేది ఒక్కటే. ఏ వస్తువు గురించీ "ఉందా?" అని అడగకండి. "ఉందండి" అనే జవాబు మన ఆసుపత్రుల్లో ఊపిరి తీసుకున్నంత తేలిగ్గా వస్తుంది. "ఒకసారి చూపించండి" అనండి, ఆ మాట అన్న క్షణం నుంచి గడియారం చూసుకోండి.

వెంట ఒక నోటుపుస్తకం, టార్చిలైటు, భూతద్దం, సెకన్ల ముల్లున్న గడియారం, ఫ్రిజ్ చల్లదనం కొలవగలిగే మామూలు థర్మామీటరు (జ్వరం చూసేది కాదు) ఒకటి ఉంచుకోండి. ఇంజెక్షన్ మందు ఉండే చిన్న గాజు ఆంప్యూలు మీద గడువు తేదీ చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది కాబట్టి భూతద్దం అలంకారం కాదు. ఊళ్ళో సంత జరిగే రోజు, ఉదయం పది దాటాక వెళ్ళండి. ఖాళీ మధ్యాహ్నం ఏ క్లినిక్కయినా శుభ్రంగానే ఉంటుంది. డెబ్బయి మంది వరుసలో ఉన్నప్పుడు నర్సు చేతులు కడుక్కుంటున్నదా లేదా అన్నదే తెలియాల్సిన సంగతి.

రెండో అడుగు: గోడ మీది కాగితాలు, కుర్చీలో మనిషి

ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు అల్లోపతి వైద్య సంస్థలన్నీ 2002 నాటి రాష్ట్ర చట్టం కింద రిజిస్టరు కావాలి. ఆ సర్టిఫికెట్టు గడువు ఐదేళ్లు కాబట్టి ముందు చూడవలసింది ఫ్రేము కాదు, తేదీ. తర్వాత డాక్టరుగారి రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు క్లినిక్కులోనూ, మందుల చీటీ మీదా, డబ్బులు కట్టిన రసీదు మీదా ఉండాలని వైద్యుల వృత్తి ప్రవర్తనా నియమావళి, అది కూడా 2002 నాటిదే, చెబుతోంది. ఆ నంబరు నోటు చేసుకుని జాతీయ వైద్య కమిషన్ వెబ్‌సైటులోని రిజిస్టరులో వెతికితే పేరు, చదువు సరిపోయిందీ లేనిదీ తెలిసిపోతుంది.

కాగితం కన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది. బోర్డు మీద పేరున్న డాక్టరు పట్నంలో ఉంటూ వారానికి రెండు రోజులు వస్తుంటే, మిగతా ఐదు రోజులు ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటున్నారు? సెలైన్లు ఎక్కించేది ఎవరు? ఓపీ రిజిస్టరులో చేతిరాతలు రెండు రకాలుగా ఉంటే ఈ ప్రశ్న మర్యాదగానే, కానీ తప్పకుండా, అడగండి. స్కానింగు మిషను ఉన్నచోట పిండ లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద రిజిస్ట్రేషను, లింగం చెప్పబడదన్న తెలుగు బోర్డు, ప్రతి గర్భిణికీ నింపిన ఫారం ఎఫ్ ఉండాలి. ఎక్స్‌రే ఉంటే అణుశక్తి నియంత్రణ మండలి లైసెన్సు, టెక్నీషియన్ చొక్కాకు ఒంటికి తగిలిన రేడియేషన్‌ను కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి చూడండి. ఈ అడుగుకు అరగంట మించి ఇవ్వనక్కరలేదు. కాగితాలు ఎప్పుడూ చక్కగానే ఉంటాయి.

మూడో అడుగు: చేతులు, సూదులు

ఇంజెక్షన్ గదిలో ఒక మూల నిలబడి, ఏమీ మాట్లాడకుండా పది ఇంజెక్షన్లు చూడండి. ప్రతి రోగికీ ముందు చేతులు సబ్బుతో 40 నుంచి 60 సెకన్లు, లేదా హ్యాండ్ రబ్‌తో 20 నుంచి 30 సెకన్లు రుద్దుకున్నారా, ప్యాకెట్టు రోగి కళ్లెదుటే చింపారా, వాడిన సూదికి మళ్ళీ మూత పెట్టే ప్రయత్నం చేశారా అన్నవి గీతలు గీసుకుంటూ లెక్కపెట్టండి. పదికి ఎన్ని అన్న అంకె ముందర "మేము ఎప్పుడూ కడుగుతామండి" అన్న మాట నిలవదు. గదిలో కుళాయి ఉందా, నీళ్ళు వస్తున్నాయా, సబ్బు ఉందా అన్నది కూడా అప్పుడే చూడాలి, ఎందుకంటే కుళాయి లేని గదిలో నర్సును తప్పుపట్టడం అన్యాయం.

ఇప్పుడు ట్రే దగ్గరికి రండి. మత్తు మందు లిగ్నోకైన్ సీసా రబ్బరు మూతలో ఒక సూది నిలువుగా గుచ్చి వదిలేసి ఉంటుంది. ఎవరికి కావలసినప్పుడు వారు సిరంజి తగిలించి మందు లాగుతారు. ఒక నర్సింగ్ హోములో అలాంటి సీసా మీద తెరిచిన తేదీ ఎక్కడుందని అడిగితే, "మొన్ననే తీశామండి" అన్నారు. టార్చి వేసి చూస్తే రబ్బరు చుట్టూ తుప్పు రంగు వలయం ఉంది. ఆ సూది గుండా గాలిలోని క్రిములు నేరుగా మందులోకి దిగుతాయి; ఒక రోగికి వాడిన సిరంజినే మళ్ళీ తగిలిస్తే కామెర్ల వైరసులు, హెచ్‌ఐవీ కూడా ఆ దారినే తర్వాతి రోగిలోకి పోతాయి. ఎక్కువ మందికి వాడే సీసా ప్రతిదాని మీదా తెరిచిన తేదీ రాయాలి. కంపెనీ ఇంకా తక్కువ గడువు చెప్పకపోతే 28 రోజులు దాటాక పారేయాలి. గుచ్చి వదిలిన సూది ఒక్కటి కనిపించినా ఈ అడుగు మొత్తానికి నేను 0 వేస్తాను. కఠినంగా అనిపించవచ్చు, కానీ ఇందులో బేరం పెట్టకూడదు.

కత్తెరలు, ఫోర్సెప్సు మరిగించిన నీళ్ళలో తీస్తున్నామంటే అది స్టెరిలైజేషన్ కాదు. ఒత్తిడి పెట్టిన ఆవిరితో క్రిములను చంపే ఆటోక్లేవు 121 డిగ్రీల వద్ద, 15 పౌండ్ల ఒత్తిడితో, గుడ్డ చుట్టిన ప్యాకులకు 30 నిమిషాలు నడవాలి. ప్యాకు మీద అంటించిన టేపు గీతలు నల్లబడ్డాయా, దాని మీద తేదీ ఉందా చూడండి.

నాలుగో అడుగు: చెత్త

2016 జీవవైద్య వ్యర్థాల నియమాల ప్రకారం రక్తం అంటిన దూది, గాజుగుడ్డ పసుపు సంచిలోకి, సెలైను బాటిళ్లు, గొట్టాలు, సూది తీసిన సిరంజిలు, గ్లౌజులు ఎరుపు సంచిలోకి, సూదులు, బ్లేడ్లు చిల్లుపడని తెల్ల డబ్బాలోకి, గాజు సీసాలు నీలం డబ్బాలోకి వెళ్ళాలి. గోడ మీది పటం చూసి సంతృప్తి పడకుండా ఎరుపు సంచి మూతి తెరిపించండి. అందులో సూది ఉంటే, ఆ సంచి ఎత్తే ఆయమ్మ చేతికి అది ఎప్పుడో ఒకప్పుడు గుచ్చుకుంటుంది. ఆమెకు హెపటైటిస్ బి టీకా వేయించారా అని అడగండి, కార్డు చూపించమనండి. చెత్త 48 గంటలకు మించి నిల్వ ఉండకూడదు కాబట్టి, తీసుకెళ్ళే బండి సంతకం చేసిన చీటీలు గత నెలవి వరుసగా పేర్చి మధ్యలో ఎన్ని రోజుల ఖాళీ వస్తోందో చూడండి. ఆ తర్వాత భవనం వెనక్కి నడవండి. కాల్చిన మచ్చ, బూడిదలో కరిగిన సిరంజి ముక్కలు ఉంటే చీటీలు ఏం చెప్పినా లాభం లేదు.

నేల తుడిచే హైపోక్లోరైట్ ఎలా కలుపుతారో ఆయమ్మనే అడగండి, డాక్టరును కాదు. 5 శాతం ద్రావణం 200 మిల్లీలీటర్లకు 800 మిల్లీలీటర్ల నీళ్ళు చేరిస్తే 1 శాతం వస్తుంది. అది ఏ రోజుకారోజు కలుపుకోవాలి.

ఐదో అడుగు: ఫ్రిజ్

టీకాలు, ఇన్సులిన్, ఆక్సిటోసిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఇంట్లో వాడే ఫ్రిజ్ పెట్టుకున్న క్లినిక్కుల్లో మందులు తలుపు అరలో పెట్టడం పరిపాటి. తలుపు తీసినప్పుడల్లా వేడెక్కేది ఆ అరే. ఫ్రీజరు గోడకు ఆనించిన ఇన్సులిన్‌ది దానికి వ్యతిరేకమైన సమస్య, అది గడ్డకట్టి పాడైపోతుంది. పెరుగు గిన్నె, క్యారేజీ కనిపిస్తే నవ్వి ఊరుకోకండి. భోజనం కోసం తెరిచే తలుపు రోజుకు ఎన్నిసార్లు తెరుస్తారో ఊహించుకోండి. టీకా సీసా మీద గుండ్రటి మచ్చలో లోపలి చతురస్రం బయటి వలయం కన్నా లేత రంగులో ఉంటేనే వాడవచ్చు. రెండూ ఒకే రంగుకు వస్తే పారేయాలి. పొడిని ద్రావకంతో కలిపిన బీసీజీ, మీజిల్స్ రుబెల్లా టీకాలకు నాలుగు గంటలే గడువు, అందుకే వాటి మీద తేదీ ఒక్కటే చాలదు, గంట కూడా రాయాలి.

ఉష్ణోగ్రత రిజిస్టరు రోజుకు రెండుసార్లు నింపాలి. ఒకచోట నేను వెళ్ళింది 14వ తేదీ ఉదయం పదకొండుకు. రిజిస్టరులో 14వ తేదీ సాయంత్రం గడి అప్పటికే నిండి ఉంది, 4 డిగ్రీలని. ఆ పైన నెలంతా 4, 4, 4, ఒకే పెన్ను, ఒకే ఒరవడి. నా థర్మామీటరు లోపల పెట్టి అరగంట తర్వాత తీస్తే 11 చూపించింది. కాబట్టి రిజిస్టరు చదివేటప్పుడు అంకెల కన్నా ముందు సిరా చూడండి.

కరెంటు సంగతి ఇక్కడే అడగాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. జనరేటరు ఉందన్నవారిని ఇప్పుడే మెయిను ఆపి, దాన్ని నడిపి చూపించమనండి. డీజిలు ఎన్ని గంటలకు సరిపోతుందో, ఫ్రిజ్ ఆ లైను మీద ఉందో లేదో అప్పుడే తేలుతుంది.

ఆరో అడుగు: అత్యవసరం వచ్చిన క్షణం

సూది వేసిన ఐదు నిమిషాల్లో మనిషి ఒళ్ళంతా దద్దుర్లు తేలి, ఊపిరి ఆడక, బీపీ పడిపోతే కావలసింది అడ్రినలిన్. దాని ఆంప్యూలు ఎక్కడుందో చూపించమని నర్సును అడిగి సెకన్లు లెక్కపెట్టండి. ఒక నిమిషం లోపల చేతిలోకి రాకపోతే 0. పెద్దవారికి ఎంత, ఎక్కడ ఇవ్వాలి అన్న ప్రశ్నకు "అర మిల్లీలీటరు, తొడ బయటి పక్క కండరంలోకి" అన్న జవాబు ఆలోచించకుండా రావాలి. అలర్జీకి వాడే అవిల్, డెక్సా ఇస్తామని చెబితే అడ్రినలిన్ స్థానం అవి తీర్చవని వివరించండి.

తర్వాత ఆక్సిజన్. ఒక క్లినిక్కులో సిలిండరు కొత్తది, నల్లటి ఒళ్ళు, తెల్లటి భుజాలతో నిగనిగలాడుతోంది. తెరవమన్నాను. కీ వార్డుబాయ్ జేబులో ఉందట, అతను టీకి వెళ్ళాడట. అతను వచ్చి, తిప్పి, గొట్టం తగిలించి, మాస్కు వెతికి, బుడగలు వచ్చేసరికి 11 నిమిషాలైంది. మెదడుకు ఆక్సిజన్ అందకుండా నాలుగైదు నిమిషాలకే నష్టం మొదలవుతుందని ఆ గదిలో అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడలేదు.

గేజీ చదవడం కూడా నేర్చుకోవాలి. క్లినిక్కుల్లో సాధారణంగా ఉండే బి టైపు సిలిండరు నిండుగా ఉంటే ముల్లు 150 దగ్గర ఉంటుంది, లోపల దాదాపు 1500 లీటర్లు. అంటే ముల్లు చూపే అంకెను పదితో గుణిస్తే లీటర్లు వస్తాయి. ముల్లు 50 దగ్గర ఉంటే 500 లీటర్లు. నిమిషానికి పది లీటర్ల చొప్పున 50 నిమిషాలు. ఆ లోపల 108 మీ ఊరికి రాగలదా అన్నది మీకే తెలియాలి. చేత్తో నొక్కి ఊపిరి అందించే అంబు బ్యాగు పెద్దలదీ పిల్లలదీ విడివిడిగా ఉండాలి, నొక్కి చూడాలి. వరి చేలున్న మండలంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రమైతే పాముకాటు విరుగుడు వయల్స్ లెక్కపెట్టండి. మొదటి మోతాదుకే 10 వయల్స్ కావాలి, ఫ్రిజ్‌లో నాలుగే ఉంటే అది ఉన్నట్టు కాదు.

ఏడో అడుగు: రికార్డులు, అందులో ఉద్దానం

డాక్టరుగారిని మంచి కేస్ షీట్లు ఇమ్మనకండి; మంచివే ఇస్తారు. గత నెల ఓపీ రిజిస్టరు తీసి ప్రతి పదో నంబరు చొప్పున 20 ఎంచుకుని, ఆ నంబర్ల చీటీలు గానీ రిజిస్టరు వివరాలు గానీ తీయమనండి. ఆసుపత్రిలో చేరిన రోగుల రికార్డు మూడేళ్లు ఉంచాలి, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి అని నియమావళి చెబుతోంది. ఓపీ కాగితాలకూ అదే కొలత పెట్టుకుంటే, 20లో ఎన్ని దొరికాయన్నదే మొదటి మార్కు. దొరికినవాటిలో వయసు, బీపీ, జబ్బు పేరు, మందు మోతాదు, ఎన్ని రోజులు, అలర్జీ అడిగారా లేదా అన్నవి చూడండి.

పిల్లల చీటీ మీద బరువు రాయలేదంటే మోతాదు అంచనా మీద ఇచ్చారన్నమాట. పారాసెటమాల్ కిలోకు 15 మిల్లీగ్రాముల లెక్కన పది కిలోల బిడ్డకు 150 మిల్లీగ్రాములు. అది 125 శక్తి సిరప్ (5 మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములు) అయితే 6 మిల్లీలీటర్లు, 250 శక్తిదైతే 3. చీటీలో "పారాసెటమాల్ సిరప్ ఒక మూత" అని మాత్రమే ఉంటే, షాపులో ఏ సీసా చేతికొస్తే ఆ మోతాదు బిడ్డ కడుపులోకి పోతుంది.

ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో, అంటే ఉద్దానంలో, తనిఖీ చేస్తుంటే ఇంకొక లెక్క తప్పనిసరి. ఇక్కడి కిడ్నీ జబ్బుకు మూలకారణం ఇప్పటికీ పూర్తిగా తేలకపోయినా, నొప్పి మాత్రలు, నొప్పి ఇంజెక్షన్లు పాడైన కిడ్నీని ఇంకా పాడు చేస్తాయన్నది తేలిన విషయమే. జీడి తోటలో రోజంతా వంగి పనిచేసిన మనిషి నడుం నొప్పికి వస్తే డైక్లోఫెనాక్ సూది ఒకటి వేసి పంపడం ఎంత సులువో, ఆ మనిషి రక్తంలో కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంతుందో తెలియకుండా వేయడం అంత ప్రమాదం. 20 చీటీల్లో నొప్పి మందు రాసినవి ఎన్ని, వాటిలో బీపీ, క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ ఏడాది లోపల చూసినట్టు రాత ఎన్నింటిలో ఉంది? పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వచ్చాక పంపడానికి చోటు లేదన్న సాకు కూడా లేదు. పంపినట్టు రిఫరల్ చీటీ ఉందా, తిరిగి వచ్చినప్పుడు ఏమైందో రాశారా అన్నది చూడండి. ఈ ప్రాంతంలో ఒక క్లినిక్కుకు నేను ఒక్కటే ప్రశ్న వేయాల్సి వస్తే ఇదే వేస్తాను.

క్లినిక్కుకు మెడికల్ షాపు అతికి ఉంటే షెడ్యూలు హెచ్1 రిజిస్టరు అడగండి. ట్రమడాల్, ఆల్ప్రజోలం, కొన్ని బలమైన యాంటిబయాటిక్కులు ఎవరి చీటీ మీద ఎవరికి ఎన్ని ఇచ్చారో అందులో రాయాలి, మూడేళ్లు దాచాలి.

ఎనిమిదో అడుగు: బయట చెట్టు కింద

రోగులతో మాట్లాడేది సిబ్బంది ముందు కాదు, గేటు దాటాక. జబ్బేమిటని అడగకండి. "ఈ మాత్ర ఎప్పుడు వేసుకోమన్నారమ్మా? ఏమైతే మళ్ళీ రమ్మన్నారు?" అన్న రెండు ప్రశ్నలు చాలు. "ఏటో రాసినారు బాబూ, షాపాయన చెప్తాడన్నారు" అన్న జవాబు పదిమందిలో ఆరుగురి దగ్గర వస్తే, లోపల కౌన్సెలింగ్ గది ఉన్నా లేనట్టే. ఇచ్ఛాపురంలో ఒడియా మాట్లాడేవారు, పాతపట్నంలో పర్లాకిమిడి వైపు నుంచి వచ్చేవారు, సీతంపేట వైపు సవరలు ఉంటారు. ఆపరేషన్ ఒప్పుకోలు పత్రం వారికి తెలిసిన భాషలో చదివి వినిపించారా అన్నది వారినే అడగాలి. ఆడవారిని పరీక్షించే గదికి తలుపో తెరో ఉందా, పరీక్ష సమయంలో ఆయమ్మ లోపల ఉందా అన్నది ఒక ఆడమనిషి చేత అడిగించడం మంచిది.

తొమ్మిదో అడుగు: రాసి ఇవ్వడం, మళ్ళీ వెళ్ళడం

మార్కులు కూడేముందు తప్పులను మూడు కుప్పలు చేయండి. ఈ రోజే డబ్బు లేకుండా సరిదిద్దగలిగేవి: సీసాలోని సూది తీయడం, అడ్రినలిన్ ట్రేలో పెట్టడం. నెలలో అయ్యేవి: సిబ్బందికి టీకాలు, ఆటోక్లేవు టేపు, బరువు తూచే మిషను. డబ్బు కావలసినవి: కుళాయి, జనరేటరు లైను. మొదటి కుప్ప డాక్టరుగారికి అక్కడే, నలుగురి ముందు కాకుండా, నోటితో చెప్పండి. మిగతావి కాగితం మీద, ప్రతి దాని ఎదుటా బాధ్యుడి పేరు, తేదీతో ఇవ్వండి.

చెప్పినా మారని ప్రమాదకరమైన తప్పులకే ఫిర్యాదు. రిజిస్ట్రేషన్, అర్హత లేని వైద్యం సంగతి డీఎంహెచ్‌ఓ కార్యాలయానికి, మందులది డ్రగ్ ఇన్‌స్పెక్టరుకు, చెత్తది కాలుష్య నియంత్రణ మండలికి, డాక్టరు ప్రవర్తన రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు వెళ్ళాలి. అన్నిటినీ కలెక్టరేటు అర్జీలో కలిపేస్తే ఏదీ కదలదు. ప్రభుత్వ ఆసుపత్రి సంగతైతే సమాచార హక్కు చట్టం కింద మందుల నిల్వ, తనిఖీ నివేదికలు అడగవచ్చు. 30 రోజుల్లో జవాబు రావాలి.

నెల తర్వాత చెప్పకుండా వెళ్ళండి. మొత్తం మళ్ళీ చూడనక్కరలేదు, 0 పడిన అంశాలు చాలు. ఆ 11 నిమిషాల క్లినిక్కుకు నేను మళ్ళీ వెళ్ళినప్పుడు సిలిండరు మెడకు ఎర్రదారంతో కీ కట్టి ఉంది, పక్కనే మేకుకు మాస్కు వేలాడుతోంది. సంతోషించి తెరవమన్నాను. నర్సమ్మ చటుక్కున తిప్పింది, పది సెకన్లయినా పట్టలేదు. గేజీ ముల్లు మాత్రం సున్నా మీద నుంచి లేవలేదు. పుస్తకంలో కీకి 2, సిలిండరుకు 0 వేసి, కొత్త సిలిండరు వచ్చేదాకా అక్కడే కూర్చున్నాను.